దేనికి భయమో ముందు తేల్చుకోండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రల ఆటలో భయం గురించినవే ఎక్కువ. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, చోటంతా వీటికే ఇస్తున్నాను. ఈ ఆట తెలియనివాళ్లకి ఒక్క ముక్క. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పట్టుకుంటారు. డీఎం (డంజన్ మాస్టర్) అనే మనిషి ఊళ్లనీ అడవుల్నీ రాక్షసుల్నీ నడుపుతాడు. పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెబుతాడు, అది ఫలించిందో లేదో పాచిక చెబుతుంది. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆటలు బయటికొచ్చాయి.

ప్రశ్న: అక్కా, నేను తిరుపతిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఆదివారాలు బాలాజీ కాలనీలో ఫ్రెండు రూములో ఆడతాం. నాది యోధుడి పాత్ర. మొన్న ఎర్ర డ్రాగన్ వచ్చింది, సేవ్ (ఆపద తప్పించుకోవటానికి వేసే పాచిక) ఫెయిలయ్యాను. ‘మావాడు భయపడ్డాడు’ అని చెప్పి, విల్లు తీసి బాణం వేశాను. ‘భయపడినోడు ఇట్లా ఉంటాడా?’ అన్నాడు మా డీఎం. సరేనని ఇంకోసారి గొంతు వణికించి ‘అమ్మో’ అంటే అందరూ నవ్వినారు. నటన రానోడు భయం ఎట్లా చూపించాల?
- ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: నాయనా, మీ డీఎం మంచి ప్రశ్నే అడిగాడు. దానికి జవాబు నువ్వు గొంతులో వెతికావు. నీ పాత్ర చేసే పనిలో వెతుకు, దొరుకుతుంది. నటన రాకపోయినా ఏమీ కాదు.

ముందు నియమం ఏమంటుందో చూద్దాం. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో, ఎదిగిన ఎర్ర డ్రాగన్‌కి 120 అడుగుల లోపల ఉండి దాన్ని పసిగట్టినవాళ్ల మీద అది భయం విసరగలదు. విజ్‌డమ్ సేవ్‌లో, అంటే మనోబలానికి వేసే సేవ్‌లో, కనీసం 19 రావాలి. రాకపోతే ఒక నిమిషం భయం. ఆటలో రౌండుకి 6 సెకన్లు కాబట్టి ఆ నిమిషం 10 రౌండ్లు. నీ వంతు ముగిసిన ప్రతిసారీ మళ్లీ సేవ్ వేసుకోవచ్చు. డ్రాగన్ కంటికి ఆనుతున్నంతసేపూ దాడికైనా పరీక్షకైనా రెండు పాచికలు వేసి చిన్న అంకె తీసుకోవాలి, నీ అంతట నువ్వు దాని వైపు అడుగు వెయ్యకూడదు. పుస్తకం అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి నువ్వు బాణం వెయ్యటంలో నియమం తప్పింది ఏమీ లేదు. నీ మనిషికి దేన్ని చూస్తే భయమో మాత్రం పుస్తకం చెప్పదు, అది నువ్వు నింపుకోవాల్సిన చోటు.

ఇంకోటి గమనించు. నీ చేతిలో పాత్ర వివరాలు రాసిన క్యారెక్టర్ షీటు ఉంది, నీ హిట్ పాయింట్లు, అంటే ఇంకెంత దెబ్బకి తట్టుకుంటావో చెప్పే అంకె, ఎన్నో నీకు తెలుసు. ఆ డ్రాగన్ నిప్పు ఊదితే సగటున 63 పోతాయని మీలో ఒకడు చూసే ఉంటాడు. లెక్క తెలిసినవాడు జాగ్రత్తపడతాడు గానీ భయపడడు. నీ యోధుడికి ఆ లెక్క తెలియదు కదా. వాడికి తెలిసినవి వేడి, కంపు, పక్కవాడి జుట్టు కాలుతున్న చిటపట. నీ వంతు వచ్చినప్పుడు వాటి గురించి మాట్లాడు. నోట్లో అంకె రానివ్వకు.

ఇక దేనికి భయం? ‘చచ్చిపోతానని’ అనొద్దు. అది లోకంలో అందరికీ ఉన్నదే, దాంతో నీ పాత్ర గురించి మాకేమీ తెలియదు. వాడి కథలోకి వెళ్లు. వాడి అన్న గనిలో పొగకి ఊపిరాడక పోయాడనుకో. అప్పుడు వీడికి డ్రాగన్ పళ్లంటే లెక్కలేదు, గోళ్లంటే లెక్కలేదు, పొగ లేస్తే మాత్రం కళ్లు దారి వెతుకుతాయి. గుహలోకి దిగినప్పటి నుంచి వాడు ద్వారం పక్కనే నిలబడతాడు. నీళ్ల తిత్తి ఎవరడిగినా ఇవ్వడు. పొగలోంచి స్నేహితుడు పేరు పెట్టి పిలిస్తే విననట్టు ఉంటాడు. ఆ విననట్టు ఉండటాన్ని నువ్వు మామూలు గొంతుతో చెప్పినా బల్ల దగ్గర ఎవరూ నవ్వరు.

మా నాయన ఈ విద్య నాకు చూపించాడు. చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రి నాటకం. ఆ నాటకాల్లో ఆయన ఉత్తరుడి వేషం కట్టేవాడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవుల్ని తరిమేస్తానని కోతలు కోసి, తీరా సేన కనబడేసరికి రథం దూకి పరిగెత్తే రాజకుమారుడు. మా నాయన ఆ ఘట్టంలో వణికేవాడు కాదు. సేన కనబడగానే బృహన్నలతో గుర్రాల సంగతి ఎత్తేవాడు. ‘గుర్రాలు అలిసినట్టుండాయే, నీళ్లు తాపుకుని వద్దామా?’ అనేవాడు. ఇంకాసేపటికి, ‘అయినా పోయిన ఆవులు ఎట్లాగూ ముసలివేలే’ అనేవాడు. ఒక్కో మాటకీ ఒక్కో అడుగు వెనక్కి. వాడింకా దూకకముందే, ముందు వరసలో చాపలు పరుచుకుని కూర్చున్న అవ్వలు ‘వీడు పారిపోతాడు మే’ అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు.

వ్యాసభారతంలో అయితే దొరికిపోయాక ఉత్తరుడు బేరం పెడతాడు. నూరు బంగారు నిష్కాలు ఇస్తాను, ఎనిమిది వైడూర్యాలు ఇస్తాను, రథం ఇస్తాను, పది మదపుటేనుగులు ఇస్తాను, నన్ను వదిలెయ్ బృహన్నలా అంటాడు. ఆ అప్పగింతల జాబితా చూడు. సేనను చూసి వాడి రోమాలు నిక్కబొడుచుకున్నాయని కూడా అక్కడ ఉంది, కానీ నాకు ఎప్పుడూ గుర్తుండేది ఈ బేరమే. నీ యోధుడు కూడా ఏదో ఒకటి ఇవ్వజూపనీ, ఏదో సాకు చెప్పనీ, అడగనిదానికి జవాబు చెప్పనీ.

ఒంటి గుర్తులు వద్దని కాదు. నాట్యశాస్త్రం భయానక రసానికి కాళ్లూ చేతులూ వణకటం, చూపు నిలవకపోవటం, గగుర్పాటు, మొహం రంగు మారటం, గొంతు మారటం చెప్పింది. అవి రంగస్థలం మీద నిలబడినవాడి ఒంటికి చెప్పినవి. నువ్వు కుర్చీలో కూర్చుని ఉన్నావు, నీకు ఉన్నది మాట. అందుకని ఆ గుర్తుల్లో ఒక్కదాన్ని తీసుకుని, దాన్ని ఒక ఇబ్బందిగా మార్చు. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, నెత్తురు పెద్ద కండరాల వైపు పరుగెత్తుతుంది. కాళ్లకి పరుగు వస్తుంది, వేళ్లకి సన్నపని పోతుంది. ముడి ఊడదు, తాళంచెవి బెజ్జంలో పడదు. మీ రెండు పాచికల్లో 17, 4 పడ్డాయనుకో. 17 నీ యోధుడు నేర్చుకున్న విద్య, 4 ఆ క్షణంలో చేతికి వచ్చింది. ఆ రెంటి మధ్య ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పు: ‘బాణం అల్లెతాటికి ఎక్కలేదు, రెండుసార్లు జారింది, మూడోసారి చూడకుండానే వదిలేశాను.’ ఆ ఒక్క వాక్యం చాలు. ప్రతి రౌండులోనూ వణకనక్కర్లేదు.

ప్రశ్న: మా పార్టీలో (కలిసి తిరిగే పాత్రల గుంపులో) నాది పిరికి దొంగ పాత్ర. ప్రతి గుహ ముందరా ‘నేను రాను’ అంటాడు, అది వాడి స్వభావం. మావాళ్లు విసుక్కుంటా ఉండారు. ‘నీ స్వభావం ఇంట్లో పెట్టి రా’ అనింది మా అక్క, ఆమె కూడా ఆడతాది. పాత్రకి తగినట్టు ఆడటం తప్పా?
- ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: తప్పేమీ లేదు. కానీ మీ అక్క విసుగు కూడా న్యాయమైనదే. ‘నేను రాను’ అన్న మాట తర్వాత మిగతావాళ్లకి చెయ్యటానికి ఏమీ ఉండదు. మిమ్మల్ని బతిమాలుకోవటంతోనే ఆదివారం అయిపోతుంది. మీ దొంగ ‘వస్తాను, కానీ’ అనాలి. వస్తాను, కానీ చివర నడుస్తాను. వస్తాను, కానీ కాగడా నా చేతికివ్వండి. వస్తాను, కానీ ఆ తలుపు తెరిచేటప్పుడు నన్ను పిలవొద్దు. ఇట్లా అంటే భయం అట్లాగే ఉంటుంది, కథా కదులుతుంది.

ఉత్తరుణ్ణి బృహన్నల ఏం చేసిందో గుర్తు చేసుకోండి. ధైర్యం మీద ఉపన్యాసం చెప్పలేదు. యుద్ధం నేను చేస్తాను, నువ్వు పగ్గాలు పట్టు అంది. అంతకంటే ముందు జమ్మిచెట్టు ఎక్కి ఆయుధాలు దించమంది. ఆ మూట శవం అనుకుని రాకుమారుడు వెనకాడాడు, అయినా ఎక్కాడు. భయం ఎక్కడికీ పోలేదు, చేతులకి పని దొరికింది. ఈ ముక్క మీ అక్కకి చదివి వినిపించండి. ‘రా, ఏం కాదు’ అని మీ దొంగకి నచ్చజెప్పటం మాని, ఆమె పాత్ర వాడికి ఏదైనా పని పురమాయిస్తే మీ ఇద్దరి ఆటా బాగుపడుతుంది.

దాంతోపాటు, ఏ ఒక్కదాని కోసం మీ దొంగ ముందుకి ఉరుకుతాడో ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఎవరికీ చూపించొద్దు. అది వచ్చిన రోజున మీ వంతు దాకా కూడా ఆగకుండా ‘నేను వెళ్తాను’ అనండి.

ప్రశ్న: మేడమ్, నేను మా బృందానికి డీఎంని. అస్థిపంజరాలు, నెత్తురు గోడలు, స్మశానాలు అన్నీ పెడుతున్నాను. మావాళ్లు మురుకులు నములుతా ‘దానికి హిట్ పాయింట్లు ఎన్ని?’ అంటారు. ఆటగాళ్లకే భయం లేకపోతే వాళ్ల పాత్రలు భయపడతాయా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీరు చూపించటం ఎక్కువైందమ్మా. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున సేద్యం చేసేవాళ్లని ఏనుగుల గురించి అడిగి చూడండి. ఏనుగు ఎంత పొడుగుందో చెప్పి ఎవరూ మొదలుపెట్టరు. కుక్కలు అరిచి అరిచి ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోయాయో చెబుతారు. అరటితోటలో ఏదో విరిగిన చప్పుడు చెబుతారు. రేపోమాపో కోతకి వచ్చే టమోటా, దాని మీద తెచ్చిన అప్పు చెబుతారు. నల్లటి ఆకారం ఆఖర్న వస్తుంది, అదీ ఒక్క క్షణం. విన్నవాళ్లకి ఆ రాత్రి బయటికి పోవాలంటే కాలు రాదు. మీ రాక్షసుణ్ణి కూడా ఆ వరసలోనే తీసుకురండి. ముందు చప్పుడు, తర్వాత నష్టం. పేరు చెప్పకండి. పేరు తెలిసిన రాక్షసుడికి పుస్తకంలో పేజీ ఉంటుంది, పేజీ ఉంటే అంకె ఉంటుంది, అంకె ఉంటే మీవాళ్లు మురుకుల్లో చెయ్యి పెడతారు.

భయం దేనివల్ల పుడుతుందో కూడా నాట్యశాస్త్రం చెప్పింది: వికృతమైన అరుపులు, నక్కల కూతలు, గుడ్లగూబలు, పాడుబడిన ఇల్లు, అడవి. మీరు ఇంతవరకూ వచ్చి ఆగారు. ఆ వరసలోనే, తనవాళ్లు చంపబడటం గానీ బందీ కావటం గానీ చూడటం, వినటం, ఆ మాట చెప్పుకోవటం కూడా ఉన్నాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. మీ కథలో మొదటి రోజు వీళ్లకి అన్నం పెట్టిన పూటకూళ్లామె ఎవరైనా ఉందా? నాలుగు వారాలు ఆమెని ఊరికే కనిపించనివ్వండి, నవ్వనివ్వండి, అప్పు పెట్టనివ్వండి. ఐదో వారం ఆమె తలుపు తెరిచి ఉంటుంది, పొయ్యి మీద అన్నం మాడుతూ ఉంటుంది, ఆమె ఉండదు. నెత్తురు చుక్క కూడా వద్దు.

మన ఊరి సంగతే ఇంకొకటి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారి ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత టీటీడీ నడిచివెళ్లే భక్తుల చేతికి కర్రలిచ్చింది, గుంపులుగా నడవమంది. ఆ నెలల్లో ఎక్కినవాళ్లలో చిరుతని కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? కర్ర చేతిలో పడిన నిమిషం నుంచీ మాత్రం పక్కన పొదలో గాలి కదిలినా తల అటు తిరిగేది. నేనూ ఆ కర్ర పట్టుకుని నడిచాను. గోవిందనామాలు బిగ్గరగా చెప్పేవాళ్లు, పిల్లల మణికట్లు వదలని తల్లులు, వెనకబడినవాళ్ల కోసం ఆగే పరాయివాళ్లు. ఎవరూ భయంగా ఉందని అనలేదు.

మీ ఆటలోనూ ఊరివాళ్ల చేత పార్టీకి ఏదో ఒకటి ఇప్పించండి. అడవి మొదట్లో కాపలా ముసలాయన ఒక చిన్న గంట చేతిలో పెట్టి, ‘ఇది దానంతటది మోగితే దీపం ఆర్పెయ్యండి, మాట్లాడొద్దు’ అని చెప్పి తలుపు వేసుకోనీ. ఆ గంట ఎవరు పట్టుకుంటారన్న దగ్గరే మీ బల్ల నిశ్శబ్దమవుతుంది. వీలైతే నిజం గంటే తెచ్చి బల్ల మీద పెట్టండి.

వేరే ఆటలు కూడా ఒకసారి ఆడి చూడండి. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కతుల్హులో ప్రాణంతో పాటు మతి నిలకడకీ పాయింట్లుంటాయి, చూడకూడనిది చూస్తే అవి తరుగుతాయి. డ్రెడ్ అనే ఆటలో పాచికలే లేవు. చెక్కముక్కలు పేర్చిన గోపురంలోంచి ఒక్కో ముక్క లాగాలి, అది కూలిందంటే లాగినవాడి పాత్ర కథలోంచి పోతుంది. అక్కడ ఆటగాడి వేళ్లే వణుకుతాయి, పాత్ర వణుకు వేరే నటించే పని లేదు.

మీ ప్రతినాయకుడికి కూడా భయం పెట్టండి, చాలామంది డీఎంలు ఇది మర్చిపోతారు. తిరుపతి గంగమ్మ జాతర కథలో పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కుంటాడు. బైరాగి, బండ, తోటి వేషాల్లో అమ్మ వెతికినా బయటికి రాడు, దొర వేషం చూసి తన దొరే వచ్చాడనుకుని వస్తాడు. ఊరిని హడలెత్తించినవాడు దాక్కున్న ఆ రోజులున్నాయి చూశారూ, వాటివల్లే అమ్మ శక్తి ఎంతటిదో మనకి అర్థమవుతుంది. మీ పార్టీని చూసి ఎవడో ఒకడు చోటు మార్చనీ, రాత్రికి రాత్రి కాపలా పెంచనీ.

ప్రశ్న: నాది పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడిన పవిత్ర యోధుడు) పాత్ర. 10వ లెవెల్ వచ్చాక భయమే అంటదని నియమం. ఇక భయం చూపించే అవకాశమే లేదా?
- శ్రీకాళహస్తి నుంచి

జవాబు: ఉంది, అదీ మంచి అవకాశం. ఆ నియమం మళ్లీ చదవండి. 10 అడుగుల లోపల మీకూ మీవాళ్లకీ భయం అంటదు, మీరు స్పృహలో ఉన్నంతసేపే. అంటే మీరు కూలిన క్షణాన పక్కనున్న అందరి భయమూ ఒక్కసారిగా తిరిగొస్తుంది. మీ పాలడిన్‌కి ఆ సంగతి తెలుసు. దెబ్బ తగిలినా చెప్పడు, నిద్రకి ముందు ఎవరెవరు ఎంత దూరంలో పడుకున్నారో చూసుకుంటాడు, అడుగు దూరం జరిగినవాణ్ణి కసురుకుంటాడు. నియమాల్లో దీన్ని భయం అనరు. బల్ల దగ్గర చూసేవాళ్లు మాత్రం అదేమిటో గుర్తుపడతారు.

ఉత్తరుణ్ణి పట్టి తెచ్చిన అర్జునుడే కురుక్షేత్రంలో ఒళ్లు సడలుతోంది, నోరెండుతోంది, వణుకు పుడుతోంది, గాండీవం జారిపోతోంది అన్నాడు. అది దుఃఖం, భయం కాదు. ఎదురుగా నిలబడ్డవాళ్లు తనవాళ్లు. ఒంటి గుర్తులు చూస్తే రెండూ ఒకటే, అందుకే గుర్తుల మీద ఆధారపడొద్దని పైన ఆ విద్యార్థికి చెప్పాను. వీరుడికి వణుకు పెట్టటానికి జంకకండి, కారణం అతనికి తగ్గది వెతకండి.

ప్రశ్న: అక్కా, చిన్నప్పుడు మా మామిడితోపులో నన్ను పాము కరిచింది. మొన్న ఆటలో పాముల గుంత వచ్చింది. నిజంగానే చేతులు వణికినాయి, మాట రాలేదు. ‘సూపర్ యాక్టింగ్’ అని అందరూ చప్పట్లు కొట్టినారు. చెప్పలేకపోయినాను. మళ్లీ ఆడాలంటే అదోలా ఉంది.
- పేరు వద్దు, తిరుపతి

జవాబు: తల్లీ, పైన రాసిందంతా పాత్ర భయం గురించి. నీది నీ భయం, దాన్ని ఎవరి ఆటకీ వాడనివ్వక్కర్లేదు. మీవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్లకి తేడా తెలియలేదు, బయటినుంచి చూస్తే తెలియదు కూడా. అందుకే చాలా బృందాలు బల్ల మధ్యలో ఇంగ్లీషు ‘ఎక్స్’ అక్షరం రాసిన ఒక చీటీ పెట్టుకుంటాయి. ఎవరికి కష్టమనిపించినా దాన్ని ముట్టుకుంటే చాలు, డీఎం ఆ ఘట్టం అక్కడే దాటేస్తాడు. ఎందుకని ఎవరూ అడగకూడదు, అదే ఆ చీటీకి ఉన్న ఒకే ఒక్క నియమం. దీనికి ఖర్చు ఏమీ లేదు, ఒక కాగితం ముక్క.

వచ్చేసారి ఆట మొదలుకాకముందే డీఎంకి ఫోన్ చెయ్యి. పాము కరిచిన కథంతా చెప్పనవసరం లేదు. ‘పాములు వద్దన్నా, చీటీ పెట్టుకుందాం’ అంటే చాలు. గుంతలో పాముల బదులు తేళ్లు పెట్టుకుంటాడు, నీళ్లు పెట్టుకుంటాడు, డీఎంకి అదేం పెద్ద పని కాదు. ఒప్పుకోకపోతే ఆ బల్ల దగ్గరికి మళ్లీ పోవద్దు. నాకు రాయి, తిరుపతిలోనే చీటీ పెట్టుకుని ఆడే ఇంకో బృందానికి నిన్ను కలుపుతాను.